వాటా తెలిసిన పిల్లలకు భిన్నం ఎందుకు రాదు?

సైదాబాద్ సింగరేణి కాలనీ గుడిసెల పక్కన మేము కొందరు మిత్రులం కలిసి సాయంత్రం పూట పిల్లలకు చదువు చెప్తున్నాం. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా చదివే పిల్లలు. ఎక్కువ మంది సర్కారు బడి పిల్లలే. వాళ్ల తల్లులు కొందరు ఇళ్లల్లో పనికి పోతారు, కొందరు తెల్లవారకముందే మాదన్నపేట మండికి పోయి కూరగాయలు తెచ్చి బండి మీద అమ్ముతారు. అట్లా అమ్మే ఒక తల్లి బిడ్డ, ఏడో తరగతి పాప, ఒకరోజు తన నోట్‌బుక్ చూపించింది. అందులో 3/4 + 1/8 = 4/12 అని ఉంది. పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కలిపేసింది. ఎర్ర పెన్నుతో తప్పు కొట్టి ఉంది.

మేము నోట్‌బుక్ మూసి అడిగాం: "ముప్పావు కిలో టమాట మీద ఇంకో అర్ధపావు ఏస్తే ఎంతయితది?" ఆ పాప ఆలోచించలేదు. "కిలోకు అర్ధపావు తక్కువ" అన్నది. అంటే ఎనిమిదింట ఏడు వంతులు. జవాబు సరైనదే. ఇంకో లెక్క అడిగాం. కిలో నలభై రూపాయల టమాట ముప్పావు, కిలో ఎనభై రూపాయల మిర్చి అర్ధపావు తీసుకుని వంద నోటిస్తే? "ముప్పై, పది, నలభై. అరవై వాపస్" అన్నది. ఇందులో భిన్నాల గుణకారాలు రెండున్నాయి. ఇదే గుణకారం నోట్‌బుక్‌లో ఇస్తే ఆ పాపకు రాదు.

4/12 అంటే మూడో వంతు. ముప్పావుకు ఇంకొంత కలిపితే మూడో వంతుకు తగ్గిపోవడం బండి మీద ఏనాడూ జరగదు. నోట్‌బుక్‌లో ఎందుకు జరిగింది? నోట్‌బుక్‌లో ఉన్న 3/4 ఆ పాపకు తెలిసిన ముప్పావు కాదు కాబట్టి. అది గీత పైన ఒక అంకె, గీత కింద ఒక అంకె మాత్రమే. తెలిసిన ముప్పావుకీ, రాసిన మూడు బై నాలుగుకీ మధ్య ఎవరూ దారి వేయలేదు. ఆ దారి వేయాల్సింది బడి.

ఇవాళ అందరూ ఒక మాట చెప్తున్నారు. భిన్నాలు, దశాంశాలు నల్లబల్ల మీద సూత్రాలతో కాకుండా నిజ జీవితంతో ముడిపెట్టి కృత్యాల ద్వారా చెప్పాలి అని. మేము దానికి వ్యతిరేకం కాదు. ఐతే రెండు ప్రశ్నలు అడగదల్చుకున్నాం. ఆ నిజ జీవితం ఎవరిది? కృత్యం అయిపోయాక పిల్లల్ని ఎక్కడిదాకా తీసుకుపోతారు?

ఈ ప్రశ్నల్లో మా సొంత బాధ కూడా ఉంది. మా ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి తరం మేమే. మా నాయనకు సంతకం రాదు. కానీ కూలి లెక్కలో, తూకంలో ఆయన్ని మోసం చేయడం ఎవరి వల్లా కాలేదు. మేము ఆరో తరగతిలో భిన్నాల దగ్గర ఆగిపోయాం. "మీకెందుకురా లెక్కలు" అని అప్పుడు ఒక సారు అన్న మాట నిజమే అనుకున్నాం. ఇంటర్‌లో ఆర్ట్స్ తీసుకున్నాం. అది మా ఇష్టమనే చాలా ఏళ్లు చెప్పుకున్నాం. మాతో పాటు హాస్టల్లో ఉన్న దళిత విద్యార్థుల్ని అడిగితే చాలామంది కథ ఇదే. లెక్కలు వదిలింది మేము కాదు, లెక్కలే మమ్మల్ని ఆరో తరగతిలో వదిలేశాయి అని అర్థం కావడానికి ఇన్నేళ్లు పట్టింది.

నిజ జీవితం ఎవరిది?

కృత్యాల పద్ధతి మనకు కొత్తది కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం 1980లలో ప్రయోగంగా మొదలై, 1989 నుంచి బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో రాష్ట్రమంతా విస్తరించింది. కృత్యం అనే మాట టీచర్ల నోళ్లలో పడింది అప్పుడే. ఆ తర్వాత డి.పి.ఇ.పి. వచ్చింది. 2005లో జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం, 2011లో రాష్ట్ర చట్రం, 2012 నుంచి కొత్త పుస్తకాలు, తెలంగాణలో 2022లో తొలిమెట్టు. పేర్లు మారాయి. పిల్లల అనుభవం నుంచి మొదలుపెట్టాలి అనే మాట మాత్రం అన్నిట్లోనూ ఉంది.

మరి అనుభవం పేరుతో క్లాసులోకి వస్తున్నదేంటి? ఎనిమిది ముక్కలు కోసిన పిజ్జా, పుట్టినరోజు కేకు, గళ్లు గళ్లుగా విరిగే చాక్లెట్ బార్, రంగు కాగితాల గుండ్రాలు. ఇవి ట్రైనింగుల్లో, గైడుల్లో, వర్క్‌షీట్లలో పదేపదే కనపడే వస్తువులు. మా పిల్లలకు పిజ్జా తెలియదని మేము అనడం లేదు. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద బోర్డులు వాళ్లు రోజూ చూస్తారు. ఐతే దాన్ని ఎనిమిది ముక్కలు చేసి పంచుకున్న అనుభవం వాళ్లది కాదు. ఎవరి అనుభవమో తెచ్చి "ఇది నీ నిజ జీవితం" అంటే, పిల్లలు అర్థం చేసుకునేది భిన్నాన్ని కాదు. ఈ క్లాసు ఎవరి కోసం నడుస్తున్నదో అర్థం చేసుకుంటారు.

ఇంకో సంగతి. ఈ కృత్యాలన్నీ పంపకం మీద నిలబడతాయి. ఒక రొట్టె, నలుగురు పిల్లలు, తలా ఒక సమాన భాగం. వినడానికి అమాయకంగా ఉంటుంది. కానీ ఈ దేశంలో ఒకే గిన్నెలోంచి అందరూ తీసుకుని తినడం అమాయకమైన విషయం కాదు. దళిత మహిళ వండిన మధ్యాహ్న భోజనం మా పిల్లలు తినరు అని అడ్డం తిరిగిన సంఘటనలు అనేక రాష్ట్రాల్లో బయటికొచ్చాయి. హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి మీద మనవాళ్లు చేసిన పోరాటాలు మనకు తెలుసు. సమాన భాగం అనే మాటను పుస్తకం ముందే ఉన్న నిజంగా తీసుకుంటుంది. మనకది ఇంకా సాధించాల్సిన విషయం. సమానంగా పంచకపోతే ఏమవుతుంది, ఎవరికి తక్కువొచ్చింది, ఎంత తక్కువొచ్చింది అనే ప్రశ్నతో మొదలుపెట్టినా భిన్నం వస్తుంది. ఆ ప్రశ్న వేసే కృత్యం మాకు ఎక్కడా కనపడలేదు.

నోట్లో ఉన్న లెక్క

భాష సంగతి చూద్దాం. లవం, హారం, క్రమ భిన్నం, అపక్రమ భిన్నం, మిశ్రమ భిన్నం, క.సా.గు. ఇవి పాఠం మాటలు. భిన్నం అంటే విరిగిందని, వేరైందని అర్థం. చిన్నాభిన్నం అనే మాట అందులోంచే. మన ఇళ్లల్లో ఉన్న మాటలు వేరు. వాటా, పాలు, వంతు. పాలికి చేయడం అంటే పంటలో వాటాకు సేద్యం చేయడం. కళ్లంలో మాలకు, మాదిగకు, చాకలికి, మంగలికి కొలిచే మేర కూడా వాటా లెక్కే. భిన్నం అనగానే బెదిరే పిల్లలు వాటా అంటే బెదరరు. ఎందుకంటే వాటా అంటే అడగాల్సింది, తగ్గితే కొట్లాడాల్సింది అని వాళ్లకు తెలుసు.

సైదాబాద్‌లో తెలుగొక్కటే లేదు. మాదన్నపేట నుంచి సంతోష్‌నగర్ దాకా బజారు భాష దక్కనీ. అందులో ఒకటింబావు సవ్వా, ఒకటిన్నర డేఢ్, రెండున్నర ఢాయి, ఒకటీ ముప్పావు పౌనే దో. సవ్వా సౌ అంటే 125, డేఢ్ సౌ అంటే 150, ఢాయి సౌ అంటే 250. వందను భిన్నంతో గుణించడం ఆ మాటల్లోనే ఉంది. డేఢ్ పావ్ ఇవ్వు అని ఎవరన్నా అడిగితే మా పిల్లలు 375 గ్రాములు తూస్తారు. పావును ఒకటిన్నరతో గుణించారన్న మాట. 3/2 × 1/4 = 3/8. అరలో అర పావు అని తెలియని పిల్లలు బస్తీలో లేరు. కానీ 0.5 × 0.5 ఎంత అంటే 2.5 అంటారు, లేకపోతే "గుణిస్తే పెరగాలి గదా సార్" అంటారు. కిలోన్నరలో ఎన్ని పావులు అంటే ఆరు అంటారు. 3/2 ÷ 1/4 అంటే ఊరుకుంటారు. బడి ఈ మాటల్ని వాడుకోదు. వాటిని తప్పు భాషగా, బజారు భాషగా పక్కన పెడుతుంది.

ఐతే ఇక్కడ ఇంకో ప్రమాదం ఉంది. బజారు లెక్కను మెచ్చుకుంటూ "మన ప్రాచీన గణితం" అనే పాట అందుకునేవాళ్లున్నారు. తెలుగులో భిన్నాలకు వేరే గుర్తులు ఉండేవి. నాలుగు నాలుగుగా విభజించుకుంటూ పోయే పద్ధతి. వీసం అంటే పదహారో వంతు, కాని అంటే అరవై నాలుగో వంతు. 2008లో ఆ గుర్తుల్ని యూనికోడ్‌లో కూడా చేర్చారు. మంచిదే. కానీ ఆ గుర్తులు ఎవరి చేతిలో ఉండేవి? కరణం చేతిలో, పట్వారీ చేతిలో. భూమి లెక్క, శిస్తు లెక్క, అప్పు లెక్క ఆయన రాసేవాడు. మనవాళ్లు వేలిముద్ర వేసేవాళ్లు. 1984లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం ఆ వ్యవస్థను రద్దు చేసేదాకా ఊరి లెక్క ఆ ఇళ్లల్లోనే ఉంది. నోట్లో పావు మనది, కాగితం మీద వీసం వాళ్లది. మనల్ని ముంచింది కాగితం మీది లెక్క.

అందుకే దశాంశ పద్ధతిని మేము పరాయిది అనం. 1957 ఏప్రిల్ 1న రూపాయికి 16 అణాలు, 192 పైల లెక్క పోయి నూరు పైసల లెక్క వచ్చింది. 1958 నుంచి 1962 మధ్య సేర్లు, మణుగులు పోయి కిలోలు వచ్చాయి. ఊరికో తూకం ఉన్నప్పుడు, ప్రత్యేక శిక్షణ ఉంటే తప్ప లెక్క అర్థం కానప్పుడు మోసపోయింది ఎవరు? పదితో గుణించడం, పదితో భాగించడం వస్తే చాలు అనే పద్ధతి మామూలు మనిషికి మేలు చేసేదే. ఆ మేలు మన పిల్లలకు అందడం లేదన్నదే మా ఫిర్యాదు.

పైసలు పోయాయి, పాఠం పోలేదు

దశాంశాలు చెప్పడానికి పుస్తకాలు ఎక్కువగా వాడే నిజ జీవితం రూపాయలు, పైసలు. 12 రూపాయల 50 పైసలు, 7 రూపాయల 25 పైసలు. 2011 జూన్ 30తో పావలా, దాని కంటే చిన్న నాణేలన్నీ చెల్లకుండా పోయాయి. అర్ధ రూపాయి చట్టప్రకారం చెల్లుతుంది గానీ బజార్లో ఎవరూ తీసుకోరు. ఇవాళ ఏడో తరగతి చదివే పిల్లలు పావలా బిళ్లను చేత్తో పట్టుకుని ఎరగరు. చలామణీలో లేని నాణెం వాళ్ల నిజ జీవితం ఎట్లా అవుతుంది?

పైసలు చలామణీలో ఉన్నా ఆ ఉదాహరణలో లోపం ఉంది. 12.50ని పిల్లలు పన్నెండు, యాభై అని రెండు పూర్తి సంఖ్యలుగా చదువుతారు. చుక్కను అటూ ఇటూ వేరుచేసే గోడ అనుకుంటారు. అందుకే 2.12 పెద్దదా 2.5 పెద్దదా అంటే 2.12 అంటారు, పన్నెండు ఐదు కంటే పెద్దది గదా అని. క్రికెట్ ఇంకా తప్పుదారి పట్టిస్తుంది. 4.5 ఓవర్లకు ఒక బంతి కలిపితే 5 ఓవర్లు. అక్కడ చుక్క తర్వాత ఉన్నది పదో వంతులు కాదు, ఆరో వంతులు. ఒక కృత్యం నిజ జీవితంలోంచి వచ్చినంత మాత్రాన సరైన లెక్క నేర్పుతుందని నమ్మకూడదు.

మరి చుక్క ఎక్కడుంది? మా పిల్లలే వెతికారు. కూరగాయల బండి మీద ఎలక్ట్రానిక్ కాంటాలో, రేషన్ షాపులో, పెట్రోలు బంకులో, అమ్మకు చేసిన రక్తపరీక్ష కాగితంలో, ఫోన్‌లో రోజుకు 1.5 జీబీ దగ్గర.

అన్నిటికంటే మాకు పనికొచ్చింది పాత తూకం రాళ్లు. రాళ్లలో పావు కిలో రాయి మామూలుగా ఉండదు. 50, 100, 200, 500 గ్రాములు ఉంటాయి. పావు తూయాలంటే 200 రాయి, 50 రాయి పెడతారు. 200 గ్రాములు అంటే కిలోలో రెండు పదో వంతులు. 50 గ్రాములు అంటే ఐదు నూరో వంతులు. రెండూ కలిపి రాస్తే 0.25. చుక్క తర్వాత మొదటి స్థానం 100 గ్రాములది, రెండోది 10 గ్రాములది, మూడోది ఒక గ్రాముది. డేఢ్ పావ్ తూసి, 3/8 అని రాసి, కాంటా మీద 0.375 చూపిస్తే మూడూ ఒకటేనని పిల్లలకు కళ్ల ముందు తెలిసింది. దీనికి వేలు పోసి కిట్లు కొననక్కర్లేదు. బండి మీద ఉన్నదే చాలు.

కృత్యం కులవిద్య కాకూడదు

ఇక్కడిదాకా చదివిన మిత్రులు "ఐతే పిల్లలకు కూరగాయల లెక్కలే చెప్పండి" అనొచ్చు. ఆ మాటే మాకు భయం.

బజారు లెక్కకూ బడి లెక్కకూ మధ్య ఉన్న దూరం గురించి పరిశోధనలు చాలా జరిగాయి. 1985లో బ్రెజిల్‌లోని రెసిఫే పట్నంలో వీధుల్లో కొబ్బరికాయలు, పళ్లు అమ్మే ఐదుగురు పిల్లల్ని పరిశీలించారు. బజార్లో అడిగితే నూటికి 98 లెక్కలు సరిగ్గా చెప్పిన పిల్లలు, అవే లెక్కలు కాగితం మీద అంకెల్లో ఇస్తే నూటికి 37 మాత్రమే చేయగలిగారు. 2025లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మరికొందరు కలకత్తా, ఢిల్లీ బజార్లలో పనిచేసే 1,436 మంది పిల్లలతో చేసిన అధ్యయనం అచ్చయింది. అందులోనూ అదే తేలింది. ఇంకోటి కూడా తేలింది. బడిలో అంకెల లెక్క బాగా చేసే పిల్లలు బజారు లెక్క దగ్గర తడబడ్డారు. అంటే లోపం పేద పిల్లల బుర్రలో లేదు. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు దాటించే పని బడి చేయడం లేదు.

ఎన్.సి.ఇ.ఆర్.టి. 2005 చట్రం తర్వాత తెచ్చిన నాలుగో తరగతి గణితం పుస్తకంలో పాత సామాన్లు కొని అమ్మే ఒక మహిళ కథతో ఒక పాఠం ఉండేది. అట్లాంటి మనిషి గణితం పుస్తకంలోకి రావడం గొప్ప మార్పు. మేము ఆ పుస్తకం రాసినవాళ్లను గౌరవిస్తాం. ఐనా ఒక ప్రశ్న మిగులుతుంది. ఆ పాఠం చదివిన చెత్త ఏరుకునే ఇంటి పిల్లకు తన బతుకుకు గౌరవం దొరుకుతుందా, లేక "నీ లెక్క ఇంతే" అనే మాట వినపడుతుందా? అది టీచర్ ఆ పాఠాన్ని ఎక్కడిదాకా తీసుకుపోతారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

చరిత్ర మనకు గుర్తుండాలి. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ఒక పథకం తెచ్చారు. పిల్లలకు సగం పూట బడి, మిగతా పూట తల్లిదండ్రుల వృత్తి. అదీ నిజ జీవితంతో ముడిపెట్టిన చదువే. పెరియార్ దాన్ని కులవిద్య అన్నారు. ఆందోళనలు జరిగాయి. 1954లో ఆ పథకం పోయింది. ఇవాళ ఎవరూ ఆ పేరు పెట్టి తేరు. ఐతే కార్పొరేట్ స్కూల్ పిల్లలకు ఆరో తరగతి నుంచే ఐఐటి ఫౌండేషన్, సర్కారు బడి పిల్లలకు ఏడాదంతా కాగితం మడతలు అంటే ఫలితం అదే. వాళ్లకు బీజగణితం, మనకు కృత్యం. ఆ పంపకం మేము ఒప్పుకోం.

అమెరికాలో బాబ్ మోజెస్ అనే నల్లజాతి ఉద్యమకారుడు 1960లలో మిసిసిపీలో నల్లవాళ్ల ఓటు హక్కు కోసం పనిచేశాడు. 1982లో ఆల్జీబ్రా ప్రాజెక్ట్ మొదలుపెట్టాడు. పిల్లల్ని బోస్టన్ మెట్రో రైల్లో తిప్పేవాడు. తిరిగొచ్చాక తమ ప్రయాణం గురించి ముందు బొమ్మ గీయమనేవాడు, తర్వాత తమ మాటల్లో చెప్పమనేవాడు, ఆ తర్వాత గుర్తులతో రాయమనేవాడు. రైలు దగ్గర మొదలైన పాఠం సంఖ్యారేఖ దాకా, బీజగణితం దాకా పోయేది. ఆయన దృష్టిలో బీజగణితం ఓటు లాంటి హక్కు. మొదలుపెట్టడానికి అనుభవం కావాలి. కానీ అనుభవం దగ్గరే వదిలేసే టీచర్ మన పిల్లల హక్కును సగంలో ఆపినట్టే.

అన్నం లెక్క

మేము చేసిన ఒక కృత్యం చెప్తాం. మధ్యాహ్న భోజనం పథకం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు తలా 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు, 7.5 గ్రాముల నూనె రావాలి. ప్రైమరీ పిల్లలకు 100, 20, 50, 5 గ్రాములు. ఇది పిల్లలకు తెలియదు, తల్లిదండ్రులకు అసలే తెలియదు. మేము బోర్డు మీద కిలోల్లో రాశాం: 0.15, 0.03, 0.075, 0.0075. ఏది ఎక్కువ అని అడిగాం.

చాలామంది 0.075 పెద్దదన్నారు. డెబ్భై ఐదు పదిహేను కంటే పెద్దది గదా. అప్పుడు ఒక పిల్లగాడు లేచి, "0.15 బియ్యం, 0.075 కూరగాయలు. అన్నం కంటే కూర డబలెట్లయితది సార్?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే పాఠం అయిపోయింది. 0.15 అంటే 0.150 అని, 150 గ్రాములని, కూర అందులో సగమని వాళ్లే చెప్పారు. సూత్రం చెప్పి సరిదిద్దితే ఆ తప్పు మళ్లీ వచ్చేది. తమకు తెలిసిన అన్నంతో సరిదిద్దుకున్నారు కాబట్టి మళ్లీ రాలేదు.

తర్వాత 46 మంది ఉన్న క్లాసుకు గుణించారు. బియ్యం 6.9 కిలోలు, పప్పు 1.38, కూరగాయలు 3.45, నూనె 0.345. "రేపు బళ్లో కొలిచి చూడొచ్చా సార్?" అని ఒకరడిగారు. మేము కాసేపు మాట్లాడలేదు. ఎందుకంటే ఆ లెక్క తగ్గితే ముందు నిందపడేది వండే ఆమె మీద. కాబట్టి ఆమె లెక్క కూడా చేయించాం. వండేవాళ్లకు కేంద్రం 2009లో నిర్ణయించిన గౌరవ వేతనం నెలకు 1000 రూపాయలు. రాష్ట్రాలు దానికి కలిపేది వేరు. 1000ని 30తో భాగించమన్నాం. 33.3333 అని రాసుకుంటూ పోయారు. "అయిపోతలేదు సార్" అన్నారు. ముగియని ఆవర్తిత దశాంశం ఎనిమిదో తరగతి పాఠం. మా పిల్లలకు అది వంటామె రోజు కూలి దగ్గర వచ్చింది. ఆ మర్నాడు వాళ్లు బళ్లో అడగాల్సింది ఆమెను కాదని, పై లెక్కలనని కూడా అర్థమైంది.

వడ్డీ ఇంకో పాఠం. ఐదు రూపాయల వడ్డీ అంటే నెలకు నూటికి ఐదు. 0.05ను 12తో గుణిస్తే 0.60. ఏడాదికి నూటికి అరవై. 2004 తర్వాత ప్రభుత్వం మహిళా సంఘాలకు చెప్పిన పావలా వడ్డీ నెలకు 0.25, ఏడాదికి నూటికి 3. రెండిటినీ పక్కపక్కన రాసి చూసిన పిల్లలకు దశాంశం అంటే ఏంటో మేము వేరే చెప్పక్కర్లేకపోయింది.

ఒకటిని 0.15తో భాగిస్తే

ఇదంతా చిన్నపిల్లల పాఠం, దళిత ఉద్యమానికి దీనితో ఏం పని అనేవాళ్లకు ఒక లెక్క చెప్పి ముగిస్తాం.

2017లో అలహాబాద్ హైకోర్టు, యూనివర్సిటీల్లో అధ్యాపక పోస్టుల రిజర్వేషన్‌కు మొత్తం యూనివర్సిటీని కాకుండా ఒక్కొక్క డిపార్ట్‌మెంట్‌ను లెక్కగా తీసుకోవాలంది. 2018 మార్చి 5న యుజిసి ఆ మేరకు ఉత్తర్వు ఇచ్చింది. పదమూడు పాయింట్ల రోస్టర్ అన్నది అదే. ఎస్సీలకు 15 శాతం అంటే 0.15. ఒకటిని 0.15తో భాగిస్తే 6.67. కాబట్టి ఏడో పోస్టు ఎస్సీది. ఓబీసీలకు 27 శాతం. ఒకటిని 0.27తో భాగిస్తే 3.7, నాలుగో పోస్టు. ఎస్టీలకు 7.5 శాతం. ఒకటిని 0.075తో భాగిస్తే 13.33, పద్నాలుగో పోస్టు. పదమూడు పాయింట్లలో పద్నాలుగోది ఎక్కడుంటుంది?

200 పోస్టులున్న యూనివర్సిటీని ఒకే లెక్కగా తీసుకుంటే ఎస్సీలకు 30 వస్తాయి. దాన్నే ఆరేసి పోస్టుల డిపార్ట్‌మెంట్లుగా విడగొడితే, ఒక్కోదాంట్లో 0.9. ఒకటి కాలేదు కాబట్టి ఏమీ లేదు. శాతం ఎవరూ తగ్గించలేదు. రాజ్యాంగం ఎవరూ మార్చలేదు. హారం మార్చారు, అంతే. దేశమంతా విద్యార్థులు, అధ్యాపకులు రోడ్ల మీదికొచ్చి, 2019 మార్చి 5న భారత్ బంద్ జరిగాక, మార్చి 7న ఆర్డినెన్స్, ఆ ఏడాదే చట్టం వచ్చి యూనివర్సిటీ మళ్లీ ఒకే లెక్క అయింది. ఆ రోజుల్లో హాస్టల్ గదుల్లో ఈ భాగహారం అర్థం చేసుకోవడానికి మాకు కాల్‌క్యులేటర్ కావాల్సి వచ్చింది. ఆరో తరగతిలో మమ్మల్ని వదిలేసిన పాఠం మా ఉద్యోగాల దగ్గర మళ్లీ ఎదురైంది.

కాబట్టి టీచర్ మిత్రులకు మా మనవి. పావు, అర, డేఢ్ అనే మాటల్ని క్లాసులోకి రానివ్వండి. 4/12 అని రాసిన పిల్లకు తప్పు కొట్టే ముందు ముప్పావు మీద అర్ధపావు ఎంత అని అడగండి. కృత్యం చేయించండి, కానీ ఆ రోజే దాన్ని రాతలో పెట్టించండి. కూడికతో ఆపకండి, భాగహారం దాకా పోండి. ఒకటిని పావుతో భాగిస్తే నాలుగెందుకు వస్తుందో తెలిసిన పిల్లలు, ఒకటిని 0.15తో భాగించినప్పుడు ఏం జరుగుతున్నదో కూడా పట్టుకుంటారు. సర్కారు బడిలో ఒకే టీచర్ ఎన్ని తరగతులు, ఎన్ని రికార్డులు మోస్తున్నారో మాకు తెలుసు. ఇది ఆ టీచర్ మీద విమర్శ కాదు. పిజ్జా బొమ్మ ఇచ్చి నిజ జీవితం అని చెప్పమనేవాళ్ల మీద విమర్శ.

కార్యకర్తలకు ఒక మాట. బస్తీల్లో మనం రాజ్యాంగం చెప్తున్నాం, అంబేద్కర్ జీవితం చెప్తున్నాం. చెప్పాలి. వాటితో పాటు వారానికి ఒక పూట లెక్కలు కూడా పెట్టుకుందాం. వాటా అడిగేవాళ్లకు వాటా లెక్క కూడా వచ్చి ఉండాలి.

ఆ పాప ఇప్పుడు 3/4ను 6/8 అని రాసి, 1/8 కలిపి 7/8 అంటుంది. పక్కన 0.875 అని రాస్తుంది. దాని పక్కన, మేము చెప్పకుండానే, "కిలోకు అర్ధపావు తక్కువ" అని కూడా రాసింది. ఆ మూడు రాతలూ ఒకే పేజీలో ఉండే నోట్‌బుక్ ప్రతి బస్తీ పిల్ల చేతిలో ఎట్లా పెట్టాలన్న దాని మీద ఈ పత్రికలో చర్చ జరగాలని కోరుతున్నాం.